రెండు గదుల ఇంట్లో ఎన్ని పిల్లులు, ఎన్ని కుక్కలు?

నాలుగు పిల్లులున్న ఇంటికెళ్ళి అడిగి చూడండి, నాలుగు పెంచుదాం అని ముందే అనుకున్నాం అని చెప్పేవాళ్ళు దాదాపు ఉండరు. మొదటిది ఇష్టపడి తెచ్చుకున్నది, రెండోది అక్టోబరు వానలో స్కూటర్ కింద దూరి అరుస్తుంటే పిల్లలు లోపలికి ఎత్తుకొచ్చింది, మిగతా రెండూ ఆ రెండోది పెట్టిన పిల్లలు. "పోన్లెద్దూ, ఒక్కటే గదా, ఏటవుద్ది" అని ఇంట్లో మామ్మ అనేస్తది, ఆ ఒక్క మాటతో లెక్క ఒకటి పెరిగిపోతది. శ్రీకాకుళంలో, విజయనగరంలో అద్దె పోర్షన్లలో, చిన్న ఫ్లాట్లలో జంతువుల్ని పెంచే ఇళ్ళలో చాలావరకు జరిగేది ఇదే, సంఖ్యని ఎవరూ నిర్ణయించరు, అది దానంతటదే అయిపోతది, అయిపోయాక ఇల్లు వాసన, పక్కింటోళ్ళతో మాటలు, ఓనరు ఖాళీ చెయ్యమనడం ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. చివరికి ఎవరో ఒకరు రాత్రిపూట గోనె సంచిలో కట్టి చేపల మార్కెట్ దగ్గర వదిలేసి వస్తారు. ఆ సంచి దాకా రాకుండా ఉండాలంటే లెక్క ముందే వేసుకోవాలి.

లెక్క అనగానే అందరూ ముందు అడిగేది ఇల్లెంత అని. మన దగ్గర టిడ్కో ఇళ్ళు, అంటే పట్టణాల్లో పేదలకి ప్రభుత్వం కట్టించిన ఫ్లాట్లు, 300, 365, 430 చదరపు అడుగుల్లో కట్టారు, 300 అంటే ఒక హాలు, ఒక బెడ్‌రూం, వంటగది, బాత్రూం. ఇంత ఇరుకులో కుక్కేంటి పాపం అంటారు గానీ, ఎదిగిన కుక్క రోజులో సగం దాకా పడుకునే ఉంటది, పడుకోడానికి దానికి కావాల్సింది ఒక గోనెపట్టా అంత చోటు. దానికి దొరక్కపోతే ఇబ్బంది పడేది బయట తిరుగుడు, వాసన చూడ్డం, నాలుగు వీధులు నడవడం. పొద్దున సాయంత్రం పట్టుకుని తిప్పే మనిషి ఉంటే 300 అడుగుల ఇంట్లో కుక్క బాగానే ఉంటది, అదే 200 గజాల్లో డాబా ఇల్లు కట్టుకుని కుక్కని మేడ మీద గొలుసుకి కట్టేసి పొద్దున ఓ ముద్ద సాయంత్రం ఓ ముద్ద పడేస్తే అది బాగుండదు, రాత్రంతా అరుస్తది, ఎవరొచ్చినా మీద పడతది. ఎప్పుడూ గొలుసుకే ఉంచే కుక్కని తగినంత తిప్పకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11 కింద నేరం కూడా, ఈ సంగతి చాలామందికి తెలీదు. అంటే కుక్క విషయంలో కొలవాల్సింది ఇంట్లో పొద్దున్న అయిదున్నరకి లేచే మనుషులు ఎంతమంది అనేది. ఒక్కరే ఉంటే ఒక్క కుక్క. ఆ ఒక్కరికీ మోకాళ్ళ నెప్పులుంటే దాన్ని కూడా ఇంకోసారి ఆలోచించాలి.

పిల్లికి వేరే లెక్క. దానికి నేల కంటే ఎత్తు ముఖ్యం, బీరువా మీద, అటక మీద, కిటికీ సజ్జ మీద, ఎక్కడో ఒకచోట ఎత్తులో కూర్చుని కింద జరిగేది చూసుకునే వీలుంటే చిన్న ఇల్లు కూడా దానికి పెద్దదే. అందుకని పిల్లులైతే ఎన్నైనా పెట్టుకోవచ్చు అనుకుంటారు, అసలు చిక్కు అక్కడే మొదలవుతది.

ఒక పిల్లి ఉన్నంతసేపూ వ్యవహారం దానికీ మనుషులకీ మధ్యే. రెండైతే వాటి మధ్య ఒక జత సంబంధం పుడతది. మూడైతే మూడు జతలు, నాలుగైతే ఆరు, అయిదైతే పది. అంటే మూడు నుంచి అయిదుకి వెళ్ళేటప్పుడు పెరిగినవి రెండే పిల్లులైనా, పడాల్సిన జతలు మూడు నుంచి పదికి పోయాయి, అందులో ఒక్క జత పడకపోయినా ఇల్లంతా దాని చుట్టూనే తిరుగుతది. పెద్ద ఇంట్లో పడని రెండూ చెరో మూలకి పోతాయి, రెండు గదుల ఇంట్లో ఉన్నదే ఒక్క గుమ్మం, రోజుకి ఇరవైసార్లు ఆ గుమ్మంలోనే ఎదురుపడాలి.

పిల్లుల గొడవ చాలాసార్లు గొడవలా కనపడదు కూడా. బలమైన పిల్లి బాత్రూం గుమ్మంలో అడ్డంగా, తోక కాళ్ళ చుట్టూ చుట్టుకుని, కళ్ళు సగం మూసుకుని కూర్చుంటది. చూసేవాళ్ళకి ఎంత బుద్ధిగా కూర్చుందో అనిపిస్తది. రెండోది హాల్లో సోఫా కింద నుంచి దాన్నే చూస్తా ఉంటది, పిల్లుల మలమూత్రాలకి పెట్టిన ఇసుక టబ్బు బాత్రూంలో ఉంది, వెళ్ళాలంటే దాన్ని దాటుకుని వెళ్ళాలి, వెళ్ళలేదు. గంట ఆగుతది, రెండు గంటలు ఆగుతది, చివరికి మంచం మీద బొంతలో పోసేస్తది. ఇంట్లోవాళ్ళు దానికి పొగరెక్కింది అని చీపురుతో కొడతారు, కొట్టాక అది ఇంకా భయపడి ఇంకా ఎక్కువ చోట్ల పోస్తది. అసలు తప్పు దానిది కానే కాదు, గుమ్మంలో కూర్చున్నదానిది కూడా కాదు, ఒక్క గుమ్మం ఉన్న ఇంట్లో ఒక్క టబ్బు పెట్టి ఇంకో పిల్లిని తెచ్చినవాళ్ళది.

టబ్బుల సంగతి ఇంకొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే పిల్లుల సంఖ్య తేల్చడానికి దీనికన్నా మంచి కొలత లేదు. ఎన్ని పిల్లులుంటే అన్ని టబ్బులు, దాని మీద ఇంకొకటి అదనం, అదీ పిల్లుల్ని చూసే డాక్టర్లు సాధారణంగా చెప్పేది. అన్నీ పక్కపక్కనే పెడితే పిల్లి దృష్టిలో అవన్నీ ఒకే టబ్బు, అందుకని వేరు వేరు చోట్ల ఉండాలి. ఇప్పుడు ఒక చిన్న ఇల్లు మనసులో పెట్టుకోండి, బాత్రూంలో ఒకటి పడుతది, వంటింటి వెనక బాల్కనీలో ఇంకొకటి, హాల్లో టీవీ స్టాండ్ పక్క మూలలో మూడోది ఎలాగో సర్దొచ్చు, నాలుగోదానికి చోటు మంచం కింద తప్ప ఇంకెక్కడా లేదు. మూడు టబ్బులకి చోటుంటే రెండు పిల్లులు, అంతే. ఈ లెక్క కాగితం మీద వెయ్యక్కర్లేదు, రెండు ఖాళీ ప్లాస్టిక్ టబ్బులు తెచ్చి ఇంట్లో వారం రోజులు పెట్టి చూస్తే కాళ్ళకి తగిలి అదే తెలిసిపోతది.

మన దగ్గర ఇసుక ఎక్కువగా ఇంటి కట్టుబడికి తెచ్చిన కుప్పలోంచో, నాగావళి ఒడ్డునుంచో సంచితో తెచ్చుకునేదే, దుకాణాల్లో అమ్మే గడ్డకట్టే ఇసుక అన్ని చోట్లా దొరకదు, దొరికినా నెల నెలా కొనడం భారం. ఏటి ఇసుకకి ఒక గుణం ఉంది, ఎండాకాలంలో డాబా మీద ఆరబోస్తే పర్లేదు, కానీ జూలై నుంచి అక్టోబరు దాకా అది ఆరదు. తడి ఇసుకలో మూత్రం కలిసి అమ్మోనియా ఘాటు లేస్తది, కళ్ళు మండుతాయి, ఇంట్లో ఉండేవాళ్ళకి మూడు రోజుల్లో ముక్కు అలవాటైపోతది కాబట్టి వాళ్ళకి తెలీదు, గుమ్మంలోకొచ్చిన చుట్టానికి తెలుస్తది. అందుకే ఎన్ని పిల్లులు సరిపోతాయో ఎండాకాలంలో తేల్చుకోకూడదు, వానాకాలం చూసి తేల్చుకోవాలి. ఇంట్లో గర్భిణి ఉంటే ఇంకో జాగ్రత్త, పిల్లి మలంలో ఉండే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి బయటపడిన రోజు నుంచి అయిదు రోజుల లోపు అంటుకునే దశకి వస్తది, కాబట్టి టబ్బు ఏ రోజుకారోజు శుభ్రం చెయ్యాలి, ఆ పని గర్భిణి చెయ్యకూడదు, వేరే ఎవరైనా చెయ్యాలి. చేసే ఆ వేరే మనిషి ఇంట్లో ఉన్నారా అనేది కూడా లెక్కలో భాగమే.

కొత్తదాన్ని తెచ్చే ముందు చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. తలుపు వేసుకోడానికి వీలున్న ఒక గదిని రెండు వారాలు ఖాళీగా ఇవ్వగలరా? వీధిలోంచి తెచ్చిన కుక్కపిల్ల పైకి బొద్దుగా, హుషారుగా కనపడినా లోపల పార్వో వైరస్ ఉండొచ్చు, అది బయటపడడానికి కొన్ని రోజులు పడుతది, అప్పటికే ఇంట్లో ఉన్నదానికి టీకా లేకపోతే అంటేసి ఉంటది. పార్వోకి రక్తంతో విరేచనాలు, వాంతులు, రెండు రోజుల్లో పిల్ల నీరసించిపోయి చచ్చిపోవచ్చు. పైగా ఆ వైరస్ నేలలో, గచ్చు పగుళ్ళలో నెలల తరబడి బతికే ఉంటది, మామూలు ఫినాయిల్‌కి లొంగదు, బ్లీచింగ్ కలిపిన నీళ్ళతో కడగాలి. పార్వోతో పిల్ల పోయిన ఇంట్లోకి ఏడుపు ఆపుకోలేక వారంలోనే ఇంకో పిల్లని తెస్తారు, అది కూడా పోతది. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి నాలుగు నెలలు దాటేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి, తెచ్చిన మొదటి రెండు వారాలైనా పిల్లని విడిగా ఉంచే చోటు ఉండాలి. ఉన్న ఒక్క గదిలోనే మనుషులు కూడా పడుకునే ఇంట్లో ఈ రెండు వారాలు ఎలా గడుస్తాయో ఆలోచించుకుంటే చాలామందికి జవాబు అక్కడే దొరికిపోతది.

పిడుదులు కూడా అలాంటివే, ఒక కుక్కకి పడితే అది కుక్క జబ్బు, రెండు కుక్కలకి పడితే ఇంటి జబ్బు. కుక్క మీద కనిపించేవి కొన్నే, మిగతావి గోడ పగుళ్ళలో, తలుపు చట్రం వెనక, మంచం కోళ్ళ సందుల్లో ఉంటాయి, రక్తం తాగి బలిసిన ఒక్క ఆడ పిడుదు వేల గుడ్లు పెడతది. ఒక కుక్కకి మందు వేసి రెండోదానికి వచ్చే నెల జీతం వచ్చాక చూద్దాం అనుకుంటే వేసిన మందు వృథా.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే దారి కూడా ఈ రెండు జిల్లాల్లో వేరేగా ఉంటది. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, పట్టణాల్లో ప్రభుత్వ పశువుల ఆసుపత్రులున్నాయి, 1962 నంబరుకి ఫోన్ చేస్తే వచ్చే సంచార వాహనాలు 2022లో మొదలయ్యాయి కానీ అవి ముఖ్యంగా పాడి పశువుల కోసం. రక్త పరీక్ష, స్కానింగ్, ఎముక విరిగితే ఆపరేషన్ లాంటివి వస్తే ఎక్కువమంది విశాఖపట్నం పరిగెడతారు. ఒక పిల్లిని బుట్టలో పెట్టుకుని ఆటోలో, బస్సులో ఎలాగో వెళ్ళొచ్చు. ఒకేసారి మూడింటికి జలుబు పట్టి మూడూ తినడం మానేస్తే ఏ బండిలో, ఎవరు సెలవు పెట్టి, ఎంత డబ్బుతో వెళ్తారు? నెల ఖర్చు చూసి సంఖ్య తేల్చుకునేవాళ్ళు తిండి లెక్కే వేస్తారు, తిండి నిజానికి చిన్నది, మూడు నెలలకోసారి నులిపురుగుల మందు, ఏటా రేబిస్ టీకా, అకస్మాత్తుగా వచ్చే ఒక్క ప్రయాణం, ఇవే నడ్డి విరిచేవి. రేబిస్ టీకా మాత్రం ఏ ఒక్కదానికీ తప్పకూడదు, మూడు నెలల వయసు నుంచి, పిల్లులకి కూడా. ఇంటిదే కదా అని కరిచినా రక్కినా పసుపు రాసి వదిలేస్తారు, అలా వదలకూడదు, పావుగంట సబ్బుతో ధార కింద కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇక అన్నిటికన్నా లెక్క తప్పేది పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్ దగ్గర. ఆడపిల్లి నాలుగు అయిదు నెలల వయసులోనే ఎదకి రావచ్చు, అప్పటికి చూసేవాళ్ళకి అదింకా పిల్లలాగే ఉంటది. రెండు నెలల చిల్లరలో పిల్లల్ని పెడతది, ఈతకి మూడు నుంచి అయిదు మామూలు, ఏడాదికి రెండు మూడు ఈతలు అవ్వొచ్చు. అన్నాచెల్లెళ్ళు కదా అని ఒక మగ, ఒక ఆడ పిల్లిని కలిపి తెచ్చుకున్న ఇంట్లో వాటికా వావి వరసలు ఉండవు. కుక్కలకి కూడా చూలు తొమ్మిది వారాలే. కాబట్టి రెండు పెంచుదాం అనే నిర్ణయం, రెండింటికీ ఆపరేషన్ చేయిస్తేనే రెండు, లేకపోతే అది ఎంతో చెప్పలేని సంఖ్య. "పాపం ఒక్క ఈతైనా చూడనీ" అని చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళు ఆపేస్తారు, ఆ జాలి అర్థమవుతది, కానీ ఆ ఈతలో పుట్టిన నాలుగు పిల్లలకీ ఇళ్ళు ముందే చూసి పెట్టారా అని మెల్లగా అడగాల్సిందే.

"ఒంటరిగా బెంగపడుతుంది, దానికి తోడు ఇంకోటి తెచ్చీ" అనేది ఇంకో మాట. బెంగపడిన కుక్కకి కావాల్సింది చాలాసార్లు మనిషే, పొద్దున్న తొమ్మిదికి తాళం వేసి సాయంత్రం ఏడుకి వచ్చే ఇంట్లో ఒక కుక్క పడే బెంగ రెండో కుక్క రాగానే పోదు, రెండు కుక్కలు బెంగపడతాయి, పక్కింటి గోడకి ఆ అరుపు రెండింతలు వినపడతది. ఒకేసారి రెండు కుక్కపిల్లల్ని తేవడం ఇంకా కష్టం, అవి ఒకదానికొకటి అలవాటు పడిపోయి మనిషి మాట చెవిన పెట్టవు. తోబుట్టువులైన రెండు పిల్లికూనల్ని కలిపి తెచ్చుకోవడం మాత్రం మంచిదే, చిన్నప్పటినుంచీ కలిసి పెరిగినవి సర్దుకుంటాయి, చిన్న ఇంట్లో రెండు పిల్లులు పెంచాలనుకుంటే సరైన దారి ఇదే. ఏళ్ళ తరబడి ఒంటరిగా ఏలిన పిల్లి దగ్గరికి కొత్తదాన్ని తేవడం అలా కాదు, నెలలు పట్టొచ్చు, కుదరకపోనూవచ్చు. లవ్ బర్డ్స్ అని అమ్మే చిన్న పిట్టలు నిజంగానే జతగా ఉండాల్సినవి. కుందేళ్ళకి నెల తిరిగేసరికి పిల్లలు, పైగా మన ఎండలకి అవి తట్టుకోవు. రామచిలుకని మాత్రం ఒక్కదాన్ని కూడా పెంచకూడదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, సంతలో పంజరంతో అమ్ముతున్నారు కాబట్టి తప్పు లేదనుకుంటారు గానీ తప్పే, గూట్లోంచి తీసిన పిల్లల్లో చాలావరకు సంత దాకా రాకుండానే పోతాయి.

మే నెల ఉక్కపోత ఇంకో పరీక్ష. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పి ఆ తడి ఆరడం వల్ల చల్లబడతది, సముద్రం గాలి తేమతో నిండి ఉన్న రోజున ఆ తడి ఆరదు. ముక్కు చప్పిడిగా ఉండే పగ్ లాంటి కుక్కలకైతే ఊపిరే అందదు. మధ్యాహ్నం కరెంటు పోయిన ఫ్లాట్లో, రేకుల షెడ్డు గదిలో, మనుషులే గుమ్మంలోకొచ్చి విసనకర్రతో విసురుకునే టైములో ఎన్నింటికి తడి గుడ్డ కప్పి, ఎన్ని గిన్నెల్లో నీళ్ళు మార్చగలరో అన్నే ఆ ఇంట్లో ఉండాలి.

దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం, ఊళ్ళో ప్రతి ఇంటికీ బొబ్బిలి నుంచో పార్వతీపురం నుంచో చుట్టాలొస్తారు, రెండు గదుల ఇంట్లో పది మంది నేల మీద పరుపులేసుకుని పడుకుంటారు. తలుపు పొద్దస్తమానం తీసే ఉంటది, చిన్న పిల్లలు కుక్క తోక లాగుతారు, మేనత్తకి పిల్లి వెంట్రుకలు పడవు. ఆ రెండు రోజులూ జంతువులు ఎక్కడుంటాయి? ఒక కుక్కని పక్క వీధిలో స్నేహితుడింట్లో ఉంచొచ్చు, మూడింటిని ఉంచుకోమని ఎవర్నీ అడగలేం. ఇంకో పది పదిహేను రోజుల్లో దీపావళి టపాసులు, అప్పుడు గది తలుపేసి పక్కన కూర్చునే మనిషి కావాలి. సొంతూరికి పెళ్ళికెళ్ళాలంటే కూడా ఇదే ప్రశ్న, తాళం చెవి ఎవరికిస్తారు, వాళ్ళు ఎన్నింటికి అన్నం పెట్టగలరు.

ఈ తీరంలో ఉండేవాళ్ళకి తుపాను లెక్క తప్పదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ. తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్ళలో కొబ్బరి, జీడి తోటలు పడిపోయి రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు. అలాంటి రాత్రి రేకుల ఇల్లు వదిలేసి స్కూలు బిల్డింగులోకి పోవాల్సొస్తే ఒక మనిషి ఒక చేత్తో ఒక బుట్టే మోస్తాడు, రెండో చెయ్యి చంటిదాన్నో, కాగితాల సంచినో, ముసలావిడ భుజాన్నో పట్టుకుంటది. ఇంట్లో గట్టిగా ఉన్న పెద్దవాళ్ళు ఇద్దరైతే బుట్టలు రెండు. కట్టిన తాడు విప్పకుండా ఒగ్గేసి వెళ్ళిపోయిన జంతువుకి ఈదే అవకాశం కూడా ఉండదు, మోయలేకపోతే కనీసం తాడైనా విప్పేసి వెళ్ళాలి.

ఇవన్నీ కలిపి చూస్తే, పగలంతా తాళం వేసుండే ఒక బెడ్‌రూం ఇంటికి ఒక పిల్లి, లేదా తోబుట్టువులైన రెండు పిల్లులు. పగలు ఎవరో ఒక పెద్దవాళ్ళు ఇంట్లో ఉండి, నడిపించే వయసువాళ్ళు ఇంకొకరుంటే ఒక కుక్క, దానితోపాటు చిన్నప్పటినుంచీ కలిసి పెరిగితే ఒక పిల్లి. మూడోది వద్దు. మూడోదాని మీద మనసు పోతే వీధిలో ఉన్నదానికే గుమ్మం ముందు నీళ్ళ తొట్టి పెట్టి, టీకా, ఆపరేషన్ చేయించి దాని వీధిలోనే దాన్ని ఉండనివ్వడం ఇంకా పెద్ద మేలు.

ఇప్పటికే అయిదో ఆరో అయిపోయినవాళ్ళు సిగ్గుపడాల్సిన పనేం లేదు, జాలి ఉన్నవాళ్ళ ఇళ్ళలోనే అవి ఎక్కువవుతాయి. ముందు ఆడవాటికి ఆపరేషన్లు, ఆ తర్వాతే ఇళ్ళు వెతకడం, ఎందుకంటే వెతికేలోపు ఇంకో ఈత వచ్చేస్తది. అందరికన్నా ముద్దొచ్చే కూనని ఇచ్చేసి ముసలిదాన్ని ఉంచుకోవడమే మంచిది, ముసలిదానికి కొత్త ఇల్లు అలవాటవడం కష్టం. ఇచ్చేటప్పుడు తీసుకునేవాళ్ళ ఇంటికి ఒకసారి వెళ్ళి చూసి రావాలి, బాల్కనీకి గ్రిల్ ఉందా, బావి మీద మూత ఉందా. టీకాల కార్డు ఇవ్వాలి, ఏం తింటదో, దేనికి భయపడుతదో కాగితం మీద రాసివ్వాలి. దాని పాత గోనెపట్టా ఉతక్కుండా అలాగే పంపాలి, కొత్త ఇంట్లో మొదటి రెండు రాత్రులు అది దాని మీదే పడుకుంటది.